పాత ఫెండర్ ట్యూబ్ ఆంప్ కొనొచ్చా? తిరుపతిలో దాన్ని నిలబెట్టుకోగలమా?

తిరుచానూరు_తీగలు
అందరికీ నమస్కారం. చెన్నైలో ఒకాయన ఫెండర్ డీలక్స్ రివర్బ్ అనే పాత గిటార్ ఆంప్లిఫయర్ అమ్ముతున్నారు. వాళ్లన్న అమెరికా నుంచి వచ్చేస్తూ సామానుతో పాటు తెచ్చుకున్నాడట. "1965 ఒరిజినల్, ఒక్క స్క్రూ కూడా విప్పలేదు" అంటున్నారు. రేటు కూడా 1965 లెక్కలోనే చెబుతున్నారు. ఫొటోల్లో ముందు ప్యానెల్ వెండి రంగులో ఉంది, అక్షరాలు నీలం. ట్రాన్స్‌ఫార్మర్ మీద 606837, స్పీకర్ అంచు మీద 465834 అని కనిపిస్తున్నాయి. ట్రెమొలో (శబ్దం అలలా ఊగేలా చేసేది) పనిచేయడం లేదని ఆయనే చెప్పారు.

ఇప్పటిదాకా నాది చిన్న ట్రాన్సిస్టర్ ఆంప్. ట్యూబుల సంగతి బొత్తిగా తెలియదు. 120 వోల్టుల సరుకు మన కరెంటుకు ఎలా కుదురుతుంది? పాడైతే ఇక్కడ చూసేవాళ్లున్నారా? వెళ్లి చూసేటప్పుడు ఏమేం గమనించాలి?

రేణిగుంట_బ్లూస్
ముందు ఆ 1965 కథ తేల్చేద్దాం తమ్ముడూ. వెండి ప్యానెల్, నీలం అక్షరాలు 1967 చివర, 1968లో మొదలయ్యాయి. అంతకు ముందు డీలక్స్ రివర్బ్‌లన్నీ నల్ల ప్యానెళ్లే. నంబర్లు కూడా అదే చెబుతున్నాయి. 606 అంటే షూమాకర్ వాళ్ల ట్రాన్స్‌ఫార్మర్. తర్వాతి అంకె సంవత్సరం చివరి అంకె, మిగతా రెండూ వారం. అంటే 8వ ఏడు, 37వ వారం. స్పీకర్ మీది 465 ఆక్స్‌ఫర్డ్ కంపెనీ కోడ్, అది 34వ వారం. రెండింటికీ మూడు వారాలే తేడా కాబట్టి స్పీకర్ మార్చలేదనే అనుకోవచ్చు. అది మంచిదే. 8 అంటే 68 కావొచ్చు, 78 కూడా కావొచ్చు. స్పీకర్ గుడ్డ చుట్టూ సన్నటి అల్యూమినియం పట్టీ ఉందేమో చూడు. ఉంటే 68 అనే నమ్మొచ్చు.

1965 అని ఎందుకంటారంటే, ఆ ఏడాది జనవరిలో లియో ఫెండర్ తన కంపెనీని అమెరికా ప్రసార సంస్థ సీబీఎస్‌కి 1.3 కోట్ల డాలర్లకు అమ్మేశారు. అంతకు ముందువంటే సేకరించేవాళ్లు ఎగబడతారు. 68 డీలక్స్ రివర్బ్ లోపల సర్క్యూట్ మాత్రం నల్ల ప్యానెల్ దానికి చాలా దగ్గర. వాయించేవాడికి అదేం తక్కువ కాదు. ఆయనకి చెప్పాల్సింది ఒక్కటే: 68 సరుకుకి 68 రేటు.

ట్రెమొలో పోయిందని ఆయన అనుకుంటున్నాడు గానీ, పోయుండకపోవచ్చు. ఈ ఆంపుల్లో కాలితో నొక్కే స్విచ్ గుచ్చకపోతే ట్రెమొలో పలకదు. పాత టేప్‌రికార్డర్ ఆర్‌సీఏ పిన్ను ఒకటి తీసుకుని లోపల రెండు కొసలూ కలిపి టంకం పెట్టు. దాన్ని వెనక వైబ్రాటో అని రాసున్న రంధ్రంలో గుచ్చి చూడు. బేరం అయ్యాక గుచ్చు, ముందు కాదు 😄

పీలేరు_పెడల్
నా మాట కాస్త చేదుగా ఉంటుంది. ఆ డబ్బుతో మంచి మోడలింగ్ ఆంప్ (ట్యూబ్ స్వరాన్ని డిజిటల్‌గా అనుకరించేది) ఒకటి, ఇంకో గిటార్ కూడా వస్తాయి. 22 వాట్ల ట్యూబ్ ఆంప్ ఇంట్లో వాల్యూమ్ మూడు దాటించి వాయిస్తే పక్కింటివాళ్లు ఊరుకుంటారా? తొమ్మిది ట్యూబులు, మన ఎండలు, మన కరెంటు. దీన్ని కొనడం ముఖ్యం కాదన్నా, పోషించడం ముఖ్యం.

తిరుచానూరు_తీగలు
పెడల్ అన్నా, నువ్వన్నది నిజమే. కానీ చెన్నైలో ఒక స్నేహితుడి దగ్గర ఇలాంటిదే ఒకటి వాయించాను. వేలు మెల్లగా ఆనిస్తే శుభ్రంగా, గట్టిగా కొడితే అంచుల్లో కాస్త చిరుగుతూ పలికింది. పెడల్ ఏదీ లేకుండానే. అప్పటి నుంచీ మనసు అక్కడే ఉంది.

మైక్‌సెట్_చిత్తూరు
నాయనా, నేను గిటార్ వాయించను. గంగమ్మ జాతరకి, పెళ్లిళ్లకి హారన్లు కట్టిన కాలం నుంచి వాల్వ్ సెట్లు బాగుచేస్తున్నాను. మీరు ట్యూబులనేవాటినే మేం వాల్వులంటాం. మీ ఆంప్, మా పాత మైక్‌సెట్ రెండూ ఒకే జాతి. ఈ ఫెండర్లలో ప్రింటెడ్ బోర్డు ఉండదు. ఫైబర్ పలక మీద వరసగా రెసిస్టర్లు, కండెన్సర్లు పేర్చి చేత్తో టంకం పెట్టి ఉంటాయి. సర్క్యూట్ బొమ్మ నెట్‌లో దొరుకుతుంది. వాల్వ్ రేడియోలు చూసిన పాత మెకానిక్ చేతిలో పెడితే గంటలో అర్థం చేసుకుంటాడు. కొత్త డిజిటల్ ఆంప్‌లో బోర్డు పోతే ఆ మాట అనలేం కదా.

నాకున్న భయం రిపేరు గురించి కాదు, నీ గురించి. రెండు సంగతులు బుర్రలో పెట్టుకో.

ఒకటి. లోపల 400 వోల్టుల పైన డీసీ ఉంటుంది. ప్లగ్గు పీకేసినా కండెన్సర్లలో నిలిచే ఉంటుంది. నేనైతే 10 కిలో ఓములు, 5 వాట్ల రెసిస్టర్‌కి మంచి ఇన్సులేషన్ ఉన్న వైర్లు అతికించి పెట్టుకుంటాను. ఒక కొస క్లిప్పుతో చాసిస్‌కి (లోహపు చట్రానికి), రెండోది కండెన్సర్ ప్లస్‌కి. అలా కొన్ని క్షణాలు పట్టుకుని, తర్వాత మీటర్ పెట్టి సున్నాకి దిగిందని కళ్లతో చూశాకే చెయ్యి పెడతాను. ఎడమ చెయ్యి వెనక్కే ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో టప్పుమనిపించే వీరులని చాలామందిని చూశాను. కండెన్సరూ పోతుంది, స్క్రూడ్రైవర్ మొనా పోతుంది.

రెండోది వైరు. అమెరికా పాత ఆంపులకి రెండు పిన్నులే ఉండేవి. వెనక గ్రౌండ్ స్విచ్ అని ఒకటుంటుంది. దాని నుంచి ఒక కండెన్సర్ మెయిన్స్ తీగకీ చాసిస్‌కీ మధ్య ఉంటుంది. అది షార్ట్ అయితే చాసిస్‌కి కరెంటు వస్తుంది, చాసిస్ నుంచి నీ గిటార్ తీగలకి వస్తుంది. అక్కడివాళ్లే దాన్ని డెత్ క్యాప్ అంటారు. అది తీసి పారేసి, మూడు పిన్నుల తీగ వేయించి, ఎర్త్‌ని చాసిస్‌కి బోల్టుతో బిగించాలి. 68వి కాబట్టి మూడు పిన్నులే వచ్చుండొచ్చు. అయినా ఆ కండెన్సర్ లోపల ఉండొచ్చు, విప్పి చూడాల్సిందే. పాతది పాతగానే ఉండాలి, విలువ తగ్గుతుంది అని ఎవరన్నా అంటే, వాళ్లనే వాయించమను.

ఓం_నియమం
సార్ చెప్పిన ఎర్త్ గురించి ఇంకో మాట. మన ఇళ్లల్లో మూడో రంధ్రం ఉన్నంత మాత్రాన దాని వెనక ఎర్త్ ఉన్నట్టు కాదు. అద్దె ఇళ్లల్లో చాలాచోట్ల అది ఉత్త రంధ్రమే. ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య మీటర్ పెట్టి చూడండి, 230 దరిదాపుల్లో రావాలి. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య ఒకటి రెండు వోల్టులు మించకూడదు.

మన 230ని 110కి తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ల సంగతీ అంతే. నేను ఒక కొట్లో కొన్నదానికి బయట సాకెట్‌లో ఎర్త్ పిన్ను దర్జాగా ఉంది. మూత విప్పితే దానికి వైరే లేదు! నేనే లాగి కలుపుకున్నాను. ఇంకోటి, చవకగా దొరికేవి ఆటో ట్రాన్స్‌ఫార్మర్లు. వాటిలో ఒకే చుట్ట ఉంటుంది కాబట్టి మెయిన్స్ నుంచి వేరుచేసే అడ్డు ఉండదు. ఆంప్ లోపల దాని ట్రాన్స్‌ఫార్మర్ దానికి ఉంది కాబట్టి వాడొచ్చు. ఎర్త్ మాత్రం తెగకుండా గోడ నుంచి ఆంప్ దాకా రావాలి.

ఎస్వీయూ_ఫిజిక్స్
వోల్టేజీ గురించే అందరూ అడుగుతారు, ఫ్రీక్వెన్సీ గురించి అడగరు. ఆ ట్రాన్స్‌ఫార్మర్ 117 వోల్టులు, 60 హెర్ట్జ్‌లకు చుట్టింది. మన దగ్గర 50 హెర్ట్జ్. అదే వోల్టేజీ 50 హెర్ట్జ్ మీద ఇస్తే కోర్‌లో ఫ్లక్స్ 20 శాతం పెరుగుతుంది. ఇనుము సంతృప్తమయ్యే దశకు దగ్గరపడుతుంది, మాగ్నటైజింగ్ కరెంటు పెరుగుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ వేడెక్కుతుంది. స్టెప్‌డౌన్ మీద 110 ఇవ్వడం ఇందుకు కూడా మంచిదే, ఆ ఫ్లక్స్ కాస్త తగ్గుతుంది. ట్యూబ్ హీటర్‌కి 6.3 వోల్టులు కావాలి, పది శాతం అటూ ఇటూ పరవాలేదు. 117 బదులు 110 ఇస్తే హీటర్‌కి 5.9 వస్తుంది. హాయిగా సరిపోతుంది.

రాత్రి పొద్దుపోయాక లోడ్ తగ్గి మెయిన్స్ 250 దాకా ఎక్కే వీధులున్నాయి. అప్పుడు ఆ 110 కాస్తా దాదాపు 120 అవుతుంది. రోజూ వాయించేవాళ్లైతే స్టెప్‌డౌన్‌కి ముందు స్టెబిలైజర్ పెట్టుకోండి.

డీలక్స్ రివర్బ్‌కి 300 వీఏ స్టెప్‌డౌన్ తక్కువ కాకుండా తీసుకోండి, 500 అయితే నిశ్చింత. ట్విన్ రివర్బ్ లాంటి 85 వాట్ల రాక్షసికైతే 500కి తగ్గొద్దు. ఇంకో దారి కూడా ఉంది. 230 వోల్టుల ప్రైమరీ ఉన్న పవర్ ట్రాన్స్‌ఫార్మర్ వేయించి, పాతదాన్ని జాగ్రత్తగా దాచుకోవడం. అప్పుడు ఫ్యూజు కూడా మారుతుంది, 2 ఆంపియర్ల స్థానంలో 1 ఆంపియర్ స్లో బ్లో (క్షణకాలపు పోటుకు తెగని రకం). స్టెప్‌డౌన్‌తో వాడితే పాత 2 ఆంపియర్లదే ఉంచాలి.

కాణిపాకం_కీస్
దారి మళ్లిస్తున్నాను, క్షమించండి. మా తాతగారి గోడౌన్‌లో పాత వాల్వ్ మైక్‌సెట్ ఆంప్లిఫయర్ ఒకటి మూలుగుతోంది. దాన్నే గిటార్ ఆంప్ చేసుకోవచ్చా?

మైక్‌సెట్_చిత్తూరు
చేసుకోవచ్చు, నేను చేశాను కూడా. మైక్ ఇన్‌పుట్ దగ్గర గ్రిడ్ రెసిస్టర్ తీసి 1 మెగ్ ఓమ్ వెయ్యాలి. లేకపోతే గిటార్ పికప్ మీద భారం పడి స్వరం మొద్దుబారుతుంది. హారన్లు పనికిరావు. వెనక తెరిచిన పెట్టెలో 12 అంగుళాల స్పీకర్ పెట్టి 8 ఓముల ట్యాపింగ్‌కి కలపాలి, 100 వోల్టుల లైనుకి కాదు.

అయితే ముందు మూత తీసి చూడు. మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా, వాల్వుల పేర్లు యూతో మొదలైతే (యూసీఎల్82, యూఎల్84 లాంటివి) అది ఏసీ-డీసీ సెట్. దాని చాసిస్‌కి నేరుగా మెయిన్స్ తగులుతుంది. దాని జోలికి పోవద్దు, షోకేసులో పెట్టుకో. ఈఎల్84, ఈసీసీ83 లాంటివి ఉండి, బరువైన ట్రాన్స్‌ఫార్మర్ కూడా ఉంటే ఫొటో పెట్టు, చూద్దాం. వాటిల్లో బెంగళూరు బీఈఎల్ వాల్వులు ఉంటే పారేయకు. ఈసీసీ83 అంటే మీ గిటార్‌వాళ్ల 12ఎఎక్స్7నే.

రేణిగుంట_బ్లూస్
తమ్ముడూ, చెన్నై వెళ్లినప్పుడు చేయాల్సినవి చెబుతాను.

స్విచ్ వేయకముందే వెనక నుంచి టార్చి వేసి చూడు. ట్యూబ్ గాజు లోపల పైన వెండి పూత ఉంటుంది. అది తెల్లగా పాలిపోయి ఉంటే గాలి దూరినట్టే, ఆ ట్యూబ్ పోయింది. స్పీకర్ కోన్ ఎలకలు కొరికిందేమో, అతికించారేమో చూడు. స్పీకర్ తీగ గుచ్చి ఉందా? స్పీకర్ లేకుండా ట్యూబ్ ఆంప్ నడిపితే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌కే ముప్పు. ఫెండర్‌లో ఆ రంధ్రం ఖాళీగా ఉంటే తనంతట తనే షార్ట్ అయ్యే ఏర్పాటు ఉంది గానీ, మిగతా కంపెనీల ఆంపులతో ఆ ధైర్యం వద్దు.

స్విచ్ వేశాక స్టాండ్‌బైలో (ట్యూబ్ హీటర్లు మాత్రమే వెలిగే స్థితి) ఒక నిమిషం ఉంచి ఆన్ చెయ్యి. ట్యూబ్ గాజు మీద లేత నీలం వెలుగు కనిపిస్తే కంగారుపడకు, అది మామూలే. లోపలి నల్ల రేకు ఎర్రగా కాలడం మొదలైతే మాత్రం వెంటనే ఆపెయ్. వాల్యూములన్నీ సున్నాలో పెట్టి విను. అప్పుడు కూడా గుయ్‌మని బొంగురుగా మోగితే ఫిల్టర్ కండెన్సర్లు ఎండిపోయాయని అర్థం. ఆ వయసుకి అవి ఎండే ఉంటాయి, ఖర్చులో కలుపుకో. చిటపటలు వస్తే ప్లేట్ రెసిస్టర్లు. పాత కార్బన్ రకం చెమ్మ తాగి విలువ పెరిగిపోయి అలా గోల చేస్తాయి. వాల్యూమ్ కాస్త పెంచి చిన్న ట్యూబులని ఒక్కొక్కటీ పెన్సిల్‌తో తట్టు. టంగుమని స్పీకర్లో వినిపించినది మైక్రోఫోనిక్, దాన్ని మార్చాలి.

ముఖ్యంగా పవర్, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్లు రెండూ, స్పీకరూ ఒరిజినల్‌గా, ఆరోగ్యంగా ఉన్నాయా చూడు. మిగతా ఏది పోయినా మార్చుకోవచ్చు, అవి సాధారణ భాగాలే. ఆయన "ఒక్క స్క్రూ విప్పలేదు" అన్నది గొప్ప కాదు. అంటే కండెన్సర్లు కూడా 68వే అని అర్థం!

తెచ్చేటప్పుడు ట్యూబులు విప్పి, ఏ సాకెట్‌దో చీటీ అంటించి, బట్టలో చుట్టి చేతి సంచిలో పెట్టుకో. ఆంప్ 19 కిలోల దాకా ఉంటుంది. పుత్తూరు, నగరి మీదుగా బస్సులో తేవద్దు, సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో తెచ్చుకో.

తిరుచానూరు_తీగలు
అన్నా, కొనేశాను! అల్యూమినియం పట్టీ ఉంది, 68వే. నంబర్లు చదివి చూపించేసరికి ఆయన మెత్తబడి రేటు బాగానే తగ్గించాడు. మూడు పిన్నుల తీగే ఉంది. రెడ్ ప్లేటింగ్ (లోపలి రేకు ఎర్రగా కాలడం) లేదు. వాల్యూమ్ సున్నాలో కూడా గుయ్‌మనే హమ్ ఉంది. ట్రెమొలో పిన్ను గుచ్చగానే పలికింది, ఆయన నా వైపు ఒక చూపు చూశాడు 😂

లోపల చెయ్యి పెట్టలేదు. మైక్‌సెట్ సార్, మీ దగ్గరికి తేవొచ్చా?

మైక్‌సెట్_చిత్తూరు
తీసుకురా. స్టెప్‌డౌన్ కూడా తే.

మైక్‌సెట్_చిత్తూరు
పని సగం అయింది. మిగతావాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను.

మొదట వాల్వులన్నీ తీసేసి, 230 వైపు 100 వాట్ల సిరీస్ బల్బు పెట్టి స్విచ్ వేశాను. బల్బు ఒక్కసారి మెరిసి ఆరిపోయింది. అంటే పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌లో షార్ట్ లేదు. బల్బు అలాగే నిండుగా వెలుగుతూ ఉంటే కథ వేరేగా ఉండేది. గ్రౌండ్ స్విచ్ కండెన్సర్ తీసేశాను.

చాసిస్ కింద రేకు డబ్బాలో ఫిల్టర్ కండెన్సర్లు ఉంటాయి. 16 మైక్రోఫారడ్లు, 450 వోల్టులవి. రెండు ఉబ్బి, కొసన బంక కారి గట్టిపడి ఉంది. అన్నీ తీసి 22 మైక్రోఫారడ్లు, 500 వోల్టులవి వేశాను. అంతకు మించి పెద్దవి వెయ్యకూడదు, రెక్టిఫయర్ వాల్వు జీజడ్34 మీద మొదటి కండెన్సర్ భారం ఎక్కువవుతుంది. బయాస్ (పవర్ వాల్వుల కరెంటుని అదుపులో ఉంచే మైనస్ వోల్టేజీ) కండెన్సర్ కూడా మార్చాను. ఇక్కడే చాలామంది తిరగేస్తారు. బయాస్ సప్లై మైనస్ కాబట్టి ఈ కండెన్సర్ ప్లస్ కొస చాసిస్‌కి పోతుంది. తలకిందులుగా వేస్తే కాసేపట్లో పేలుతుంది, బయాస్ పోయి పవర్ వాల్వులు ఎర్రబడతాయి. లోపల ఎండిపోయిన బల్లి ఒకటి దొరికింది. బల్లి శాస్త్రం చూసుకునే వీలు కూడా దానికి దొరికినట్టు లేదు. వెనక పలకకీ పెట్టెకీ మధ్య సందు ఉన్నచోట సన్న జాలీ కొట్టు, గాలి ఆడాలి, మూసెయ్యకు.

హమ్ పోయింది. కానీ రెండు 6వి6 పవర్ వాల్వుల కరెంటు చూస్తే ఒకటి 19 మిల్లీ ఆంపియర్లు, రెండోది 27. ప్లేటు 392 వోల్టులు.

ఓం_నియమం
సార్, 6వి6కి పాత షీట్లలో 12 వాట్లు పరిమితి. అందులో 70 శాతం దాకా నడపడం మామూలు, అంటే 8.4 వాట్లు, 392 వోల్టుల దగ్గర 21 మిల్లీ ఆంపియర్లు. 19 బాగానే ఉంది. 27 అంటే పదిన్నర వాట్లు దాటుతోంది. ట్యూబులు జత కుదరలేదేమో?

మైక్‌సెట్_చిత్తూరు
నేనూ అలాగే అనుకుని రెండింటినీ అటూ ఇటూ మార్చి చూశాను. వాల్వు మారినా 27 ఆ సాకెట్‌లోనే ఉండిపోయింది. అంటే తప్పు వాల్వుది కాదు. గ్రిడ్ దగ్గర చూస్తే ఒకవైపు మైనస్ 35 వోల్టులు, రెండోవైపు మైనస్ 31. డీసీని ఆపాల్సిన ముందున్న 0.1 మైక్రోఫారడ్ కప్లింగ్ కండెన్సరే డీసీ లీక్ చేస్తోంది, ఆ పాజిటివ్ కాస్తా వచ్చి బయాస్‌ని తినేస్తోంది. రెండువైపులా 630 వోల్టుల కొత్తవి వేశాను. ఇప్పుడు 19, 20. వాల్వులు మార్చక్కరలేదు, అవి ఇంకా పనిచేస్తాయి.

కాథోడ్ దగ్గర 1 ఓమ్ రెసిస్టర్లు కూడా అతికించి ఉంచాను. ఇకమీదట మిల్లీవోల్టులు చూస్తే చాలు, 20 మిల్లీవోల్టులంటే 20 మిల్లీ ఆంపియర్లు. ఈ వెండి ప్యానెల్ వాటిలో కొన్నిటికి లోపలి పాట్ రెండు వాల్వుల మధ్య తూకం మాత్రమే మారుస్తుంది, మొత్తం బయాస్‌ని కాదు. తెలియకుండా తిప్పొద్దు.

పీలేరు_పెడల్
కొత్త 6వి6లు జత వేసేసి "అయిపోయింది" అనే రకం మెకానిక్ దగ్గరైతే ఇది ఎప్పటికీ దొరికేది కాదు. సరే, నేను ఓడిపోయాను. కానీ ఒక్కటి చెప్పండి, ట్యూబులు ఇప్పుడు ఎక్కడ చేస్తున్నారు?

రేణిగుంట_బ్లూస్
స్లొవేకియాలో జేజే, రష్యాలోని సరటోవ్‌లో ఎలక్ట్రో హార్మోనిక్స్, టంగ్‌సోల్ పేర్లతో వచ్చేవి, ఇక చైనావి. ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి. రెసిస్టర్లు, కండెన్సర్లు, ఫ్యూజులు, సాకెట్లు అయితే చెన్నై రిచీ స్ట్రీట్‌లో, బెంగళూరు ఎస్పీ రోడ్డులో దొరుకుతాయి. మామూలుగా వాయిస్తే పవర్ ట్యూబులు ఏళ్లు వస్తాయి, చిన్నవి ఇంకా ఎక్కువ. పదేపదే ట్యూబులు మార్చి "టోన్" వెతుక్కోవడం వేరే జబ్బు.

తిరుచానూరు_తీగలు
సార్, మీకు ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. ఒక్క సందేహం. రివర్బ్ (ప్రతిధ్వని) నాబ్ నాలుగు దాటిస్తే ఊళపెడుతోంది. దాన్ని కూడా విప్పాలా?

మైక్‌సెట్_చిత్తూరు
అప్పుడే విప్పకు. పెట్టె అడుగున నల్ల సంచిలో స్ప్రింగుల డబ్బా ఉంటుంది. సంచి కింద దళసరి అట్ట ఉందా చూడు, లేకపోతే స్పీకర్ అదురు నేరుగా స్ప్రింగులకి తగులుతుంది. డబ్బాకి రెండు ఆర్‌సీఏ వైర్లుంటాయి, వాటిని పీకి కాంటాక్ట్ క్లీనర్ కొట్టి మళ్లీ గుచ్చు. అప్పటికీ ఊళపెడితే వెనక నుంచి చూసినప్పుడు కుడి నుంచి నాలుగో చిన్న వాల్వు మార్చి చూడాలి.

వచ్చే ఆదివారం వస్తానన్నావు కదా, ఒక 12ఎఎక్స్7 స్పేర్ తీసుకురా. 2 ఆంపియర్ల స్లో బ్లో ఫ్యూజులు నా దగ్గర ఉన్నాయి, నాలుగిస్తాను.

కాణిపాకం_కీస్
సార్, మైక్‌సెట్ మూత తీశాను. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఉంది, ఈఎల్84లు రెండు, ఈసీసీ83 ఒకటి. గాజు మీద బీఈఎల్ అని చెరిగిపోయిన అక్షరాలు. అదే ఆదివారం నేనూ రావచ్చా?

మైక్‌సెట్_చిత్తూరు
రా. స్విచ్ మాత్రం వెయ్యకు. అలాగే తే.